బెర్లిన్‌లో స్నేహితురాలి ఇంటికి తాళం పడిపోయింది, నేను బయట, పాలు స్టవ్ మీద... డబ్బులు ఎవరు పెట్టుకోవాలి?

పాలపొంగు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదవడమే గాని రాసింది లేదు. ఈ పేరు కూడా ఇవాళే పెట్టుకున్నాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పోయిన నెల బెర్లిన్‌లో ఉన్న నా స్నేహితురాలి దగ్గరికి వారం రోజులకని వెళ్ళాను. కాలేజీ రోజుల నుంచీ స్నేహం. తను మోఆబిట్ అనే పేటలో ఒక పాతకాలపు బిల్డింగులో, నాలుగో అంతస్తులో ఒక్కతే ఉంటుంది, లిఫ్టు లేదు. రెండో రోజు పొద్దున ఆఫీసుకి వెళ్తూ, తన దగ్గరున్న రెండు తాళంచెవుల్లో ఒకటి నా చేతికిచ్చి "బయటికెళ్తే మర్చిపోకు" అంది. మర్చిపోకూడదనే నేను దాన్ని తలుపుకి లోపలివైపు తాళంలోనే పెట్టి ఉంచాను, వెళ్ళేటప్పుడు కళ్ళకి కనిపిస్తుందని. నా తెలివి చూడండి.

పదింటికి టీ పెట్టుకుందామని స్టవ్ మీద పాలు పెట్టాను. డబ్బా ఖాళీ అయింది. వాళ్ళ బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో రంగురంగుల చెత్తడబ్బాలుంటాయి, కాగితాలకి నీలం, కూరగాయ తొక్కలకి గోధుమరంగు, పాలడబ్బా లాంటి ప్యాకింగులకి పసుపు. ముందురోజు రాత్రే నాకు దీనిమీద అరగంట క్లాసు పీకింది. పాలు కాగేలోపు పసుపు దాంట్లో పడేసి వచ్చేద్దామని సాక్సుల మీదే తన రబ్బరు చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి దిగాను. రెండంతస్తులు దిగానో లేదో పైన ధడేల్‌మంది. కిటికీ తెరిచి వదిలేశాను, గాలి.

పరిగెత్తుకుంటూ పైకొచ్చాను. ఆ తలుపుకి లోపలివైపు హ్యాండిల్ ఉంది గాని బయటివైపు లేదండీ. గుండ్రటి ఇత్తడి గుబ్బ ఒకటుంది, అది తిరగదు, పట్టుకుని లాక్కోవడానికే. అది నేను అప్పుడే చూశాను. ఫోను చార్జింగులో, పర్సు బ్యాగులో, తాళంచెవి తాళంలో, పాలు స్టవ్ మీద, నేను మెట్ల మీద. అంతలో దీపం ఆరిపోయింది. అక్కడ మెట్ల దీపాలు కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి, గోడ మీద నారింజ రంగు చుక్కలా వెలిగే బటన్ నొక్కితే మళ్ళీ వస్తాయి. ఆ కంగారులో చీకట్లో తడుముకుని అదే అనుకుని పక్కింటి బెల్లు నొక్కేశాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, ఏప్రన్ కట్టుకుని వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు. పాలు పొంగడం చేతులతో చేసి చూపించాను. తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది, నిజంగానే మాడు వాసన మొదలైంది. లోపలికెళ్ళి ఒక తాళంచెవి పట్టుకొచ్చింది! నా ప్రాణం లేచొచ్చింది. కానీ అది సగమే వెళ్ళింది, అవతల నాది ఉంది కదా. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మెట్ల దగ్గర గోడలో ఉన్న చెక్క బీరువా తెరిచి, మీటర్ల మీద పేర్లు చదివి, తెల్లటి పింగాణీ ఫ్యూజులు మూడు బల్బు విప్పినట్టు గిరగిరా తిప్పి తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఇంట్లో కరెంటు పోయింది, అది కరెంటు స్టవ్వే కాబట్టి దాంతోపాటు అదీ ఆగింది.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. స్నేహితురాలి నంబరు నాకు నోటికి రాదు (మీలో ఎంతమందికి వచ్చు?). ఆవిడ కంప్యూటర్లో నా మెయిలు తెరుద్దామంటే కోడ్ నా ఫోనుకే పంపిస్తానంటుంది. చివరికి ఆవిడే నెట్‌లో పైన కనిపించిన తాళాలవాడికి ఫోన్ చేసింది. వాడొచ్చి తాళం వంక సరిగ్గా చూడను కూడా లేదు, డ్రిల్లు వెయ్యాలి, కొత్త తాళం పెట్టాలి, 480 యూరోలు, క్యాషే కావాలి అన్నాడు. ఆవిడ ఏమందో నాకు తెలీదు గాని నాలుగు అంతస్తులూ వాడి వెనకే దిగి సాగనంపి వచ్చింది. రెండోసారి పక్కవీధిలో షాపున్న ముసలాయన్ని పిలిచింది. ఆయన వంకర తీగ ఒకటి తలుపు సందులోంచి దూర్చి నిమిషంలో తెరిచాడు. 95 యూరోలు, రసీదుతో సహా. ఆవిడే ఇచ్చింది.

సాయంత్రం మా స్నేహితురాలు వచ్చి విన్నది. పక్కింటావిడకి డబ్బు తిరిగిచ్చింది. నేనిస్తానంటే "వదిలెయ్" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ఆ రాత్రీ మర్నాడూ సరిగ్గా మాట్లాడలేదు. కోపం అని చెప్పదు, మామూలుగానూ లేదు. నేను తిరిగొచ్చేసి పది రోజులైంది, ఇంకా ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది. డబ్బు పంపించెయ్యాలా? పంపిస్తే ఇంకా బాధపడుతుందా?

రాత్రిపాళీ:
పంపించెయ్ అన్నా, ఇందులో అడగాల్సిందేముంది. వద్దనడం మర్యాద, ఇవ్వడం బాధ్యత.

డబ్బు సంగతి పక్కనపెడితే, మీకు ఆ పెద్దావిడ దొరకడం అదృష్టం. నేను జర్మనీలో ఆరేళ్ళున్నాను, ఈ తాళాల దందా గురించి చెప్తాను. తలుపు ఊరికే లాగి పడిపోతే తాళంలోని స్ప్రింగు నాలిక ఒకటే చౌకట్టు గాడిలో పడుతుంది, దాన్ని త్సూగెత్సోగన్ అంటారు. తాళంచెవి తిప్పి వేస్తే అది అప్‌గెష్లోసన్. ఫోన్లో మొట్టమొదట ఈ రెంటిలో ఏదో చెప్పాలి. మొదటిరకం అయితే తెలిసినవాడు తలుపుకి గీత పడకుండా తీస్తాడు, డ్రిల్లుతో పనే లేదు. డ్రిల్లు అన్నాడంటే వాడు మోసగాడనే అనుకోవచ్చు. రావడానికయ్యే ఖర్చుతో కలిపి మొత్తం ఎంత అని ఫోన్లోనే అడగాలి. నెట్‌లో పైనున్న నంబర్లు చాలావరకు ఎక్కడో కాల్ సెంటర్‌కి వెళ్తాయి, అక్కడినుంచి ఊరికి అవతలి చివర ఉన్నవాడిని పంపి దారి ఖర్చు కూడా మనమీదే వేస్తారు. ఇదివరకు ఫోన్ డైరెక్టరీలో ముందు రావాలని పేరుకి ముందు నాలుగైదు 'A' అక్షరాలు తగిలించుకునేవాళ్ళు కూడా. ఒప్పుకున్నదానికంటే ఎక్కువ అడిగి బెదిరిస్తే 110కి ఫోన్ చెయ్యాలి, అది పోలీసు నంబరు.

పాలపొంగు:
అన్నా కాదు, అక్కని :) మిగతాదంతా ప్రయాణానికి ముందు తెలిసుంటే ఎంత బావుండేది.

సుత్తి_శానం:
స్టవ్ మీద పాలు పెట్టి గడప దాటకూడదని చెప్పడానికి జర్మనీ దాకా వెళ్ళాలా తల్లీ? సరే ఇంతకీ గిన్నె ఏమైంది?

ఫ్యూజు_మాస్టారు:
గిన్నె తర్వాత, ముందు నా మాట వినండి. నేను ముప్పై ఏళ్ళు కరెంటు పనిలో ఉన్నవాణ్ణి. ఆ పెద్దావిడ చేసినది బాగా పనిచేసింది, కాదనను. ఆ ఇంటికి మూడు ఫేజులు వస్తున్నట్టుంది, అందుకే మూడు ఫ్యూజులు తీసింది, ఆవిడకి తన ఇల్లు తెలుసు. కానీ ఎవరూ చూసి నేర్చుకోవద్దు. ఆ పింగాణీ మూత విప్పాక లోపల కరెంటున్న భాగం తేలి ఉంటుంది, చీకట్లో, కంగారులో వేలు పెడితే అంతే. పైగా లోడు మీద ఉండగా విప్పితే నిప్పురవ్వలు వస్తాయి.

స్టవ్ వెలుగుతోంది, లోపల ఎవరూ లేరు, తలుపు రాదు అంటే చెయ్యాల్సింది ఒక్కటే, 112. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలోనైనా అదే నంబరు, డబ్బు పడదు. ఫైరింజన్‌వాళ్ళే తలుపు తీస్తారు. మొహమాటపడి తాళాలవాడి కోసం కూర్చోకూడదు. ఇంకో మాట, పొగ అలారం మోగలేదా?

పాలపొంగు:
మోగలేదు మాస్టారూ. వంటింట్లో అలారం లేదు, నడవాలో ఉంది, వంటింటి తలుపు మూసి ఉంది.

ఫ్యూజు_మాస్టారు:
అదే. బెర్లిన్‌లో పాత ఇళ్ళకి కూడా 2020 చివరికల్లా అలారం తప్పనిసరి చేశారు గాని వంటింటికి కాదు, పడుకునే గదులకి, ముందుగదికి, బయటికొచ్చే దారికి. వంటింట్లో పెడితే వేపుడు చేసినప్పుడల్లా మోగుతుంది మరి. అలారం మోగలేదు కాబట్టి ప్రమాదం లేదు అనుకోవడానికి లేదన్నమాట.

నడకదారి:
ఇల్లు తెలిసి బయట ఇరుక్కుపోయారు, నయం. నాకు ఇల్లే దొరకలేదు. నేనూ బెర్లినే, మూడేళ్ళ కిందట. స్నేహితుడి ఇల్లు 20. నేను 19 ముందు నిలబడ్డాను. మామూలుగా ఎదురుగానో పక్కనో ఉండాలి కదా, ఎదురుగా చూస్తే వందా చిల్లర నంబరు. అక్కడి పాత వీధుల్లో చాలావాటికి నంబర్లు ఒకవైపు వరసగా వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, రెండోవైపు వెనక్కి వస్తాయి, గుర్రపునాడా ఆకారంలో. అంటే మొదటి ఇల్లూ ఆఖరి ఇల్లూ ఎదురుబొదురుగా ఉంటాయి. నా పక్కనే ఉన్న ఇంటిని వదిలేసి పెట్టె ఈడ్చుకుంటూ రోడ్డు దాటి, కిలోమీటరు నడిచి, చలిలో వెనక్కి వచ్చాను.

వచ్చాక ఇంకోటి. బెల్లుల దగ్గర ఫ్లాట్ నంబర్లుండవు, ఇంటిపేర్లే. మావాడు వేరేవాళ్ళ దగ్గర అద్దెకి ఉంటున్నాడు కాబట్టి వాడి పేరే లేదు అక్కడ. పైగా వీధివైపు ఇల్లు, దానికి పక్కగా లోపలికి కట్టిన భాగం, ఖాళీ స్థలం దాటాక వెనక ఇల్లు, అన్నిటికీ అదే నంబరు. ఇరవై బెల్లులు, నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచీ ఎవరింటికి వెళ్ళినా అడ్రసు అడగను, బెల్లు మీద ఏ పేరుంది, వీధివైపా వెనకా, ఎన్నో అంతస్తు, ఎడమా కుడా అని అడుగుతాను. వాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

గుమ్మం_పక్కన:
తాళం పడిపోవడం చిన్న విషయం. తాళంచెవి పోగొట్టుకుని చూడండి. నేను హాంబర్గ్‌లో మా అన్నయ్యవాళ్ళ ఇంటి తాళంచెవి రైల్లో పోగొట్టాను. అక్కడ చాలా బిల్డింగుల్లో ఒకటే తాళంచెవి కింద గేటుకీ, సెల్లార్‌కీ, మన ఇంటికీ పనిచేస్తుంది, అందరి తాళాలూ ఒక ప్లాను ప్రకారం కలిపి చేసినవి. అందులో ఒక్కటి పోతే, దొరికినవాడు లోపలికి రావచ్చు కాబట్టి మొత్తం మార్చాలని ఇంటి ఓనర్లు అడగొచ్చు. వేలల్లో అవుతుంది. మా వదిన మొహం చూడలేకపోయాను.

తర్వాత అన్నయ్య కనుక్కుంటే, 2014 మార్చిలో అక్కడి సర్వోన్నత సివిల్ కోర్టు ఒక తీర్పిచ్చిందట, ఓనర్లు నిజంగా తాళాలన్నీ మార్పిస్తేనే ఆ ఖర్చు అడగాలి, మార్చకుండా మార్చితే ఇంత అవుతుంది అని లెక్క చూపించి డబ్బు తీసుకోకూడదు అని. మా ఓనర్లు మార్చలేదు, మేం కట్టలేదు. కానీ ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. అందుకే చెప్తున్నా, 95 యూరోలతో పోయింది, పండగ చేసుకోండి.

రాత్రిపాళీ:
అది సరే. వెళ్ళే ముందు ప్రయాణ బీమాలో ఇతరుల ఆస్తికి చేసిన నష్టం కూడా కలుస్తుందో లేదో చూసుకోండి ఎవరైనా. చాలామంది ఆసుపత్రి ఖర్చు వరకే చూసి వదిలేస్తారు. తాళంచెవి పోవడం కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

అత్తిపత్తి:
ఒక్క నిమిషం. అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు, నాకొకటి అర్థం కావట్లేదు. పాలపొంగు గారూ, మీరే రాశారు, స్నేహితురాలు తన దగ్గరున్న "రెండు తాళంచెవుల్లో ఒకటి" మీకిచ్చింది అని. ఒకటి మీ దగ్గర, ఒకటి తన దగ్గర. మరి పక్కింటావిడ దగ్గర మూడోది ఎక్కడిది?

సుత్తి_శానం:
అమ్మో.

నడకదారి:
నేను రెండుసార్లు చదివాను, తట్టలేదు సుమా.

పాలపొంగు:
ఇది చదివి నాకు చేతులు చల్లబడ్డాయి. ఆవిడ తాళంచెవి తెచ్చింది అని తనకి చెప్పింది నేనే, అదీ నవ్వుతూ, ఎంత మంచావిడో అని. తను అప్పుడే మాట్లాడ్డం మానేసింది. నేను డబ్బనుకున్నాను. ఇప్పుడే ఫోన్ చేస్తాను, అక్కడ ఇంకా పొద్దుపోలేదు.

ఫ్యూజు_మాస్టారు:
ఆవిడని దొంగని చేసెయ్యకండి ముందే. దొంగ అయితే మీ ముందు ఎందుకు బయటపెడుతుంది?

పాలపొంగు:
మాట్లాడాను. గంటన్నర.

అత్తిపత్తి గారూ మీకు దండం. అదే. తను ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటోంది, ఎవరికీ తాళంచెవి ఇవ్వలేదు. ఆవిడతో గుటెన్ టాగ్ అనే పలకరింపు తప్ప ఇంకో మాట లేదు. నేను చెప్పిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు నిద్ర లేదట, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటోందట. నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆవిణ్ణి దేవతలా చెప్తున్నావు, పైగా నా ఇంట్లో అతిథివి, నిన్ను భయపెట్టడం ఎందుకని అంది. నేనేమో పది రోజులుగా 95 యూరోలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నిన్న ధైర్యం చేసి వెళ్ళి అడిగిందట, జర్మన్‌లో వాక్యాలు ముందే రాసుకుని. తనకంటే ముందున్న అద్దెవాళ్ళు ఊళ్ళకి వెళ్ళినప్పుడు మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఆవిడకి ఒకటి ఇచ్చారు, ఖాళీ చేసేటప్పుడు తీసుకోవడం మర్చిపోయారు. ఆవిడ దాన్ని డ్రాయర్లో పడేసి మర్చిపోయింది. నేను పాలు పొంగినట్టు చేతులూపుతుంటే అప్పుడు గుర్తొచ్చిందట. అడగ్గానే తెచ్చి చేతిలో పెట్టేసింది, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట పాపం, ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండిపోయింది అని.

అయినా తనకి మనసు ఊరుకోదు కదా, ఆ పాతవాళ్ళు ఇంకెవరికి ఇచ్చారో. తాళం మార్పించుకోవచ్చా? ఇంటి ఓనరు ఒప్పుకోవాలా?

రాత్రిపాళీ:
మన ఇంటి తలుపు సిలిండరు, అంటే తాళంలో తాళంచెవి దూర్చే ముక్క, అద్దెకున్నవాళ్ళు మార్చుకోవచ్చు, పాతది పారెయ్యకుండా దాచి, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించెయ్యాలి. అద్దెకిచ్చినవాళ్ళు కూడా మనకి తెలియకుండా తాళంచెవి దగ్గర పెట్టుకోకూడదు అక్కడ. అయితే గుమ్మం పక్కన గారు చెప్పినట్టు కింద గేటుకి కూడా అదే తాళంచెవి పనిచేస్తుంటే మాత్రం ఓనరుతో మాట్లాడకుండా కదపొద్దు.

పాలపొంగు:
గేటుకి వేరే ఉంది. పొడుగ్గా, పాతకాలంది.

ఫ్యూజు_మాస్టారు:
అయితే అది మీ స్నేహితురాలే చేసుకోగలదు, మనిషి అక్కర్లేదు. తలుపు తెరిచి దాని అంచు చూడమనండి, సిలిండరుకి సూటిగా ఒక పొడుగు స్క్రూ ఉంటుంది. అది పూర్తిగా విప్పి, తాళంచెవి పెట్టి కొంచెం తిప్పితే, మధ్యలో ఉన్న కొక్కెం లోపలికి సర్దుకుని సిలిండరు జారి వచ్చేస్తుంది. ఒక్కసారిగా లాగొద్దు, తాళంచెవి కాస్త అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. కొలత ఆ స్క్రూ మధ్యనుంచి లోపలివైపుకీ బయటివైపుకీ విడివిడిగా తియ్యాలి, 30, 35 మిల్లీమీటర్లు అలా ఉంటాయి, రెండువైపులా ఒకటే ఉండాలని లేదు. కొనేటప్పుడు "నోట్ ఉంట్ గెఫారెన్‌ఫుంక్సియోన్" ఉన్నది అడగమనండి. లోపల తాళంచెవి ఉన్నా బయటినుంచి ఇంకోటి పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. మీలాంటి అతిథుల కోసమే కనిపెట్టారు అది.

సుత్తి_శానం:
మాస్టారు కొట్టారు :)))

గుమ్మం_పక్కన:
ఆ సిలిండరు డబ్బు మీరు పెట్టుకోండి పాలపొంగు. 95 తీసుకోకపోయినా ఇది కాదనదు. కొని పంపించెయ్యండి, అడగొద్దు.

పాలపొంగు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అదే చేశాను. కొలతలు ఫోటో తీసి పంపమంటే అనుమానమొచ్చి తిట్టింది, తర్వాత పంపింది, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. నిన్న వీడియో కాల్‌లో నేను ఇక్కడినుంచి మాస్టారి పోస్టు చదువుతుంటే తను అక్కడ స్క్రూ తిప్పింది. మొదటిసారి రాలేదు, తాళంచెవి ఎటు తిప్పాలో ఇద్దరం దెబ్బలాడుకున్నాం, అచ్చం హాస్టల్లోలాగా. తర్వాత టక్కుమని వచ్చేసింది.

కొత్తదానితో మూడు తాళంచెవులొచ్చాయి. ఒకటి తను, ఒకటి ఆఫీసు డ్రాయర్లో. మూడోది ఏం చేశావంటే కాసేపు చెప్పలేదు. పక్కింటావిడకి ఇచ్చిందట.

అత్తిపత్తి:
హమ్మయ్య.

రాత్రిపాళీ:
మరి పాత సిలిండరు జాగ్రత్తగా దాచిందా? అదొక్కటి అడగండి.

పాలపొంగు:
దాచింది. కవర్లో పెట్టి మీద తేదీ కూడా రాసింది, బెర్లిన్ నీళ్ళు వంటబట్టాయి.

సుత్తి_శానం:
అన్నీ చెప్పారు. గిన్నె సంగతి మాత్రం మొదట్నుంచీ దాటేస్తున్నారు.

పాలపొంగు:
అడుగంతా నల్లగా పెంకు కట్టింది. సోడా వేసి నానబెట్టింది, నిమ్మకాయ రుద్దింది, వారానికోసారి నాకు ఫోటో పంపిస్తోంది. స్టవ్ అద్దం మీద కూడా గుండ్రటి మచ్చ ఉండిపోయింది. గిన్నె కొత్తది కొంటానంటే వద్దంటోంది. ఇది మాత్రం నిజంగానే వద్దంటోందేమో అనిపిస్తోంది, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి కథ చెప్తోందట.